కార్జం పట్టించిన పంచె ముక్కలు

మా బావ మిరపచేనికి మందు కొట్టాడా లేదా అన్నది తేల్చడానికి నేను పావుకిలో మేక కార్జం కొన్నాను. ఇలా చెబితే ఎవరైనా నన్ను అంజనం వేసేవాడి కింద జమకట్టేస్తారు. మా ఆవిడ కొన్నాళ్ళపాటు అలాగే అనుకుంది. అందుకని మొదటి నుంచి చెప్పుకొస్తాను.

అద్దంకిలో నాకు మోటార్ల వైండింగు కొట్టు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ బోర్లలో కాలిపోయిన మోటార్లు నా దగ్గరికి వస్తాయి. మాడిపోయిన రాగితీగ ఊడదీసి కొత్తది చుట్టి, పైన వార్నిష్ పోసి ఆరబెడతాను. ఆ వార్నిష్ ఆరేదాకా మోటారుకు నాతో పని లేదు, నాకు మోటారుతో పని లేదు. ఆ ఖాళీయే నా కాలేజీ. బడిలో నేను చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్కన కుంటి బల్ల మీద చదువుకున్నాను.

ఆ గ్రంథాలయంలో మూలనున్న బీరువా నిండా రిటైరైన లెక్చరరు ఎవరో ఇచ్చిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. వాటి జోలికి ఎవరూ పోరు. పోటీపరీక్షలకు చదివే పిల్లలు ఫ్యాను గాలికి తమ కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడానికి తీస్తుంటారు. నేను మాత్రం నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదువుతాను. రెండే కదా అని నవ్వకండి. ఏడాదికి ఒక పుస్తకం అయిపోతుంది. డిగ్రీ చదివినవాళ్ళలో ఏడాదికి ఒక లావు పుస్తకం చదివేవాళ్ళను నాకు ఇద్దర్ని చూపించండి, మీ మోటారు ఉత్తినే చుట్టిస్తాను.

ఇక మా బావ సంగతి. మా అక్కను అద్దంకికి దగ్గరి పల్లెలోనే ఇచ్చాం. బావకు మూడెకరాల నల్లరేగడి ఉంది. ఒక ఏడాది పత్తి, ఒక ఏడాది మిరప వేస్తుంటాడు. పత్తి వేసిన ఏడు, గాలి కదలని ఒక మధ్యాహ్నం, మందు కొడుతూ చేలో పడిపోయాడు. వీపున ఉన్న ట్యాంకు మూత సరిగా పట్టక మందు కారి, కట్టుకున్న పంచె అంతా తడిసిందట. ఆయన చూసుకోలేదు. పక్క చేనువాళ్ళు ట్రాక్టరులో వేసుకుని ఒంగోలు తీసుకుపోయేసరికి నోట నురగలు వస్తున్నాయి. మూడు రోజులు మనిషిని గుర్తుపట్టలేదు. నాలుగో రోజు కళ్ళు తెరిచి, "మిగిలిన సాళ్ళు ఎవరైనా కొట్టారా?" అని అడిగాడు. మా అక్క మంచం పక్కన కూలబడి నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకోసారి ఇలా అయితే నా వల్ల కాదని డాక్టరు తెగేసి చెప్పాడు. ఇంటికి రాగానే మా అక్క ఆయన చేయి తీసి తన తలమీద పెట్టించుకుంది. ఇక ఈ జన్మలో మందు కొట్టనని ఒట్టు వేయించుకుంది. కూలివాళ్ళ చేత కొట్టించడం కూడా కుదరదంది. "వాడూ ఎవత్తికో ఒకత్తికి మొగుడేగా" అంది.

మరుసటి ఏడు మిరప వేశారు. బావ వేపనూనె చల్లాడు, తామరపురుగు అంటుకోవడానికి నీలిరంగు జిగురు అట్టలు కర్రలకు కట్టాడు. ఊళ్ళో జనం నవ్వారు. సంక్రాంతి వెళ్ళాక చూస్తే అందరి చేలల్లో ఆకు ముడుచుకుపోయింది. బావ చేను మాత్రం పెళ్ళిపందిరిలా కళకళలాడుతోంది. ఇంకో ఆడమనిషి అయితే దిష్టి తీసి సంతోషించేది. మా అక్క బస్సెక్కి నా కొట్టుకు వచ్చింది.

"నాకు భయంగా ఉందిరా తమ్ముడూ. అందరిదీ పోయి మనదొక్కటే బాగుందంటే ఏదో చేశాడు."

"అడిగావా?"

"అడిగితే వేపనూనె మహత్యం అంటాడు. అనేటప్పుడు నా మొహం చూడడు, దూడ మొహం చూస్తాడు. నాకేం వద్దురా. మళ్ళీ కొట్టాడో లేదో నిజం తెలిస్తే చాలు. ఒకసారి కొట్టినవాడు రెండోసారీ కొడతాడు. ఆ రెండోసారి లేవడు."

అప్పుడు నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. సరిగ్గా ఆ వారమే ఒక అధ్యాయం పూర్తిచేసి ఉన్నాను మరి. కొత్తగా ఈత నేర్చినవాడికి ఏ కాలవ చూసినా దూకబుద్ధేస్తుంది. "నేను తేలుస్తా" అన్నాను.

ఆ అధ్యాయంలో ఉన్నది ఇది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి పొరలు మడతలు మడతలుగా ఉంటాయి. ఎంజైములనే పనివాళ్ళు చాలామంది ఆ పొరల్లోనే కాపురముంటారు. అక్కడి నుంచి పెరికి బయటికి తెస్తే కొందరు పని మానేస్తారు. నా బోటివాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రాగితీగ గాడిలో కుదురుగా కూర్చుంటేనే మోటారు తిరుగుతుంది, ఊడదీస్తే అది తూకానికి అమ్మే రాగి. అందుకని శాస్త్రవేత్తలు పనివాణ్ణి ఇంట్లోంచి లాగకుండా ఇంటితో సహా, అంటే పొరతో సహా తీస్తారు. తీసి, కంటికి కనబడని చిల్లులున్న వస్తువుకు దేనికైనా పట్టిస్తారు. గాజుపొడి కావచ్చు, కాల్చిన మట్టి కావచ్చు, గుడ్డ కావచ్చు. పొర ఆ చిల్లుల్లో ఇరుక్కుని అంటుకుపోతుంది. ఆ తర్వాత ఎంత కడిగినా మురికే పోతుంది, పొర పోదు. పనివాడు కూర్చున్నచోటే కూర్చుని పని చేస్తుంటాడు. నీళ్ళలో కలిపేస్తే ఒక్కసారికే సరి, ఇలా కూర్చోబెడితే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

బావను పడగొట్టిన మందు పాతరకం. అది పురుగు నరాల్లోని ఒక ఎంజైమును పట్టుకుని కదలనివ్వదు. మనిషినీ అలాగే పడగొడుతుంది. మేక కార్జం పొరల్లో ఆ ఎంజైముకు చుట్టంలాంటిది ఒకటుంది, మందు దాన్నీ పట్టుకుంటుంది. కాబట్టి కార్జం పొరలు పట్టించిన గుడ్డను మిరపకాయలు నానిన నీళ్ళలో ముంచి, పైన ఒక రసాయనం చుక్క వేయాలి. ఎంజైము బతికుంటే ఆ రసాయనాన్ని విరిచి నీలిమందు చేస్తుంది. గుడ్డ నీలం అయితే మందు లేదు. తెల్లగా ఉండిపోతే మందు ఉంది. ఇంతే.

ఇంతే అనుకున్నాను. నెలన్నర పట్టింది.

రసాయనం గుంటూరులో సైన్సు సామాను అమ్మే కొట్టువాడు తెప్పించి ఇచ్చాడు. "ఏ కాలేజీ సార్ మీది?" అని అడిగాడు. ఆ సార్ అన్న మాట నేను వారం రోజులు ఖర్చుపెట్టుకున్నాను. కార్జాన్ని ఐసుగడ్డలు, ఉప్పునీళ్ళు పోసి మిక్సీ పట్టాను. మా ఆవిడ ఆ సాయంత్రమే కొత్త జారు కొనుక్కుని, పాతది నా మొహాన కొట్టింది. వడకట్టిన నీళ్ళలో పుస్తకంలో చెప్పినట్టు కాస్త కాల్షియం ఉప్పు వేస్తే పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని రాత్రికి రాత్రి గిన్నె అడుగుకు దిగాయి. పైనీళ్ళు వంపేస్తే అడుగున మిగిలిందే నా సరుకు.

మొదట దాన్ని ఇటుక ముక్కలకు పట్టించాను. ఇటుకలో చిల్లులకేం కొదవ! కానీ ఎర్రటి ఇటుక మీద నీలం వచ్చిందో రాలేదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. తెల్ల గుడ్డకు మారాను. మంగళగిరి నుంచి తెచ్చుకున్న కొత్త చేనేత గుడ్డ చింపాను. నీటిబొట్టు దానిమీద తామరాకు మీద నిలిచినట్టు నిలిచింది.

"గంజి పోని గుడ్డ నీళ్ళు తాగుతుందా?" అంది మా ఆవిడ. "పాత పంచె చింపుకోండి. ఇది కూడా మీ పుస్తకంలో రాయలేదా?"

రాయలేదు. రాసినవాళ్ళకు పాత పంచె అంటే ఏమిటో తెలిసి ఉండదు. వందసార్లు ఉతికి, ఎండి, మెత్తబడి, దూదికి చుట్టమైపోయిన గుడ్డ అది. మన ఇళ్ళలో చంటిపిల్లల పొత్తిగుడ్డ దగ్గర్నుంచి వడియాలు పెట్టే గుడ్డ దాకా అన్నీ అదే. నా పాత పంచె ఒకటి చింపాను. ఈసారి చుక్క వేస్తే గుడ్డ ఆకుపచ్చగా తేలింది. పుస్తకం అంతా తిరగేశాను, ఆకుపచ్చ సంగతి ఎక్కడా లేదు. చివరికి మా ఆవిడే చెప్పింది.

"ఫ్రిజ్జులో పచ్చి కార్జం నీసుకొడుతుంటే చూస్తూ ఊరుకోమంటారా? ఇంత పసుపు వేశాను. తినేదైనా మానేదైనా శుభ్రం శుభ్రమేగా."

నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ. ఒకటో తరగతి చదువు. మళ్ళీ కార్జం, మళ్ళీ మిక్సీ. ఈసారి గిన్నె మీద 'ముట్టుకోవద్దు' అని చీటీ అంటించాను. పొరలు పట్టించిన గుడ్డను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఒక చుక్క వేశాను. పది నిమిషాలకు ఇంకు ఒలికినట్టు నీలం! మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "నిజంగానే మారిందే!" అంది. ఇరవయ్యేళ్ళ కాపురంలో నా చదువుకు ఆమె ఇచ్చిన మొదటి సర్టిఫికెట్టు అది.

ఇక అక్క ఇంటికి వెళ్ళాలి. దండిగా ముక్కలు ఉండాలనుకున్నాను. నా పంచె ముక్కలు ఆరు మాత్రం మిగిలాయి. శుక్రవారం అక్క అద్దంకి వస్తే, "ఇంట్లో పాత పంచె ఉంటే పంపించవే" అన్నాను. మర్నాడే ఎవరితోనో పంపించింది. పాలలా తెల్లగా, దూదిలా మెత్తగా ఉంది. నా పంచె కంటే మేలైనదనుకున్నాను. రాత్రే పొరలు పట్టించి ముప్పై ముక్కలు చేశాను. ఒక్కటైనా పరీక్షించి చూశానా? లేదు. ఒకసారి తిరిగిన మోటారును మళ్ళీ తిప్పి చూడడమెందుకనుకున్నాను. నిజానికి నా కొట్టులో ఏ మోటారునూ తిప్పి చూడకుండా పంపను.

ఆదివారం పొద్దున్నే థర్మోకోల్ డబ్బాలో ఐసు పరిచి, ముక్కలు సర్ది, బండి మీద వెళ్ళాను. మిరపకాయలు కళ్ళంలో ఎండుతున్నాయి. ఊరంతా ఘాటు. బావ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా బామ్మర్దీ, డబ్బా చూసి చేపలు తెచ్చావనుకున్నా. గుడ్డపీలికలా?"

"నీ మిరపకాయలకు పరీక్ష బావా."

"వాటికెందుకురా పరీక్ష? ఎంసెట్టు రాస్తాయా?"

"అవి కాదు, నువ్వు రాస్తున్నావు" అంది అక్క వంటింటి గుమ్మంలోంచి. బావ నవ్వు ఆగిపోయింది.

గుప్పెడు కాయలు గిన్నెడు నీళ్ళలో నానబెట్టాను. పావుగంట అయ్యాక కొత్త ముక్క ఒకటి అందులో ముంచి, కాసేపుంచి, పళ్ళెంలో పరిచి చుక్క వేశాను. ముగ్గురం ఆ పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. ఐదు నిమిషాలు. పది. పావుగంట. గుడ్డ వచ్చినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది.

అక్క నన్ను అడగలేదు. లేచి నిలబడి, కొంగు బిగించి, "ఎప్పుడు కొట్టావు?" అంది. అరవలేదు. ఎప్పుడూ అరిచే మనిషి నెమ్మదిగా అడిగితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"ఏందే నువ్వు! వాడి గుడ్డపీలిక చెబితే అయిపోయిందా? పోయినేడు నన్ను పడగొట్టిన ఆ మందు మళ్ళీ ముట్టుకునుంటే నా చేతులు పడిపోవాలి!"

"గుడ్డకు అబద్ధం ఆడాల్సిన అవసరమేంటి?" అన్నాను, శాస్త్రం తరఫున.

"ఓహో! అయితే మా బోరు నీళ్ళలో ముంచరా దాన్ని. మా బోరు కూడా మందు కొట్టిందంటుందేమో చూద్దాం!"

బావ నోరు మూయించడానికి ఇంతకంటే మంచి దారి దొరకదనుకున్నాను. బోరు దగ్గర లోటాడు నీళ్ళు పట్టి, ఇంకో ముక్క ముంచి, చుక్క వేసి, పళ్ళెం ఆయన ముందే పెట్టాను. "చూస్తుండు, ఎలా నీలమవుతుందో" అన్నాను.

కాలేదు.

"అబ్బో, మా బోరే దొంగ!" అన్నాడు బావ తొడ చరిచి. "కేసు పెట్టరా దానిమీద!"

ఉత్త నీళ్ళతో ఒకసారి చూసుకోవాలని పుస్తకంలో ప్రతి ప్రయోగం దగ్గరా రాసి ఉంటుంది. ప్రతిసారీ చదివాను. చదివి, అదేదో చాదస్తంలే అని పేజీ తిప్పాను. నన్ను నేను తిట్టుకుంటూ డబ్బాలో వెతికితే, అడుగున కవరులో నా పంచె ముక్కలు ఆరూ కనిపించాయి. ఒకటి తీసి అదే బోరు నీళ్ళలో ముంచి చుక్క వేశాను. పది నిమిషాల్లో నీలం. చక్కటి, నిక్కమైన నీలం.

అంటే రసాయనం మంచిదే. పొరలూ మంచివే. నీళ్ళూ మంచివే. తేడా ఉన్నది గుడ్డలో.

"అక్కా, నువ్వు పంపిన పంచె ఏది?"

"మీ బావదే. పోయినేడు పడిపోయిన రోజు కట్టుకున్నది. మంచి పంచె, పారెయ్యబుద్ధి కాలేదు. సోడా వేసి రెండుసార్లు ఉడకేశాను. వాసనైనా లేదుగా?"

వాసన లేదు. కానీ కార్జం పొరలకు తెలిసింది. పనివాణ్ణి తెచ్చి విషం కారిన ఇంట్లో కూర్చోబెట్టి, పని చేయడం లేదేమని నేను బావ మీద నింద వేశాను. ఏ చిల్లుల్లో పొరలు ఇరుక్కుంటాయో ఆ చిల్లుల్లోనే మందు కూడా ఇరుక్కుని ఏడాదిగా కూర్చుని ఉంది.

ఇది చెబుతుంటే అక్క నా మొహం చూడడం మానేసి డాబా మెట్ల వైపు చూసింది. "ఆ పంచె నీకు సగమే పంపాను" అంది.

"మిగతా సగం?"

"దాని మీద వడియాలు పెట్టాను."

ముగ్గురం మెట్లెక్కాం. డాబా మీద ఎండలో ఆ తెల్లటి సగం పంచె, దానిమీద వరసలు తీరి గుమ్మడి వడియాలు. పక్షి ముట్టలేదు, చీమ ముట్టలేదు. అక్క గుడ్డతో సహా మూటగట్టి, దొడ్లో గొయ్యి తీయించి పూడ్చేసింది. వాటికంటే ముందు ఆ గుడ్డ మీదే రెండు వాయలు పెట్టి డబ్బాలకెత్తిందట. ఒక డబ్బా నా ఇంటికే వచ్చింది. పదిహేను రోజులుగా పప్పులోకి నంజుకుంటున్నాను.

"ఏమవుతుందిరా?" అంది అక్క.

"ఏమీ కాదేమోనే. ఉడకేశావు, ఎండలో ఆరేశావు, ఏడాదైంది. ఉన్నా బహుకొంచెం ఉంటుంది. ఎంతన్నది నా గుడ్డ చెప్పలేదు." నిజంగా నాకు తెలియదు. తెలియదని చెప్పడం ఆ రోజు నేను చేసిన మొదటి తెలివైన పని.

అక్క ఫోను తీసుకుని డబ్బాలు పంపిన ఇళ్ళన్నిటికీ వరసగా చెప్పింది. "వదినా, ఆ వడియాలు తినకండి, పారెయ్యండి. ఉప్పు ఎక్కువ పడింది. అయ్యో, అంతే, ఇంకేం లేదు." నాలుగు ఇళ్ళకూ అదే ఉప్పు. బావ మీసాల్లో నవ్వుకున్నాడు. పైకి నవ్వే సమయం కాదని ఆయనకు తెలుసు.

మిగిలింది అసలు పరీక్ష. నా పంచె ముక్కలు ఇంకా ఐదున్నాయి. ఈసారి కాయలు అక్క తనే ఏరింది. కళ్ళం నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ తెచ్చింది. ఒక ముక్క బోరు నీళ్ళలో, నాలుగు ముక్కలు కాయలు నానిన నీళ్ళలో వేశాను. ఐదూ వరసగా పళ్ళెంలో పరిచి చుక్కలు వేశాను. అక్క కళ్ళార్పకుండా చూస్తోంది. బావ మంచం మీద అటు తిరిగి కూర్చుని చెవి మాత్రం ఇటు పెట్టాడు.

మొదట బోరు నీళ్ళది నీలమైంది. తర్వాత ఒకటి. తర్వాత రెండు. చివరికి ఐదూ ఒకే నీలం.

అక్క లేచి వెళ్ళి గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి బావ చేతికిచ్చింది. మా అక్క క్షమాపణ అడిగే పద్ధతి అదే, అందులో పచ్చిమిరప, అల్లం కూడా ఉంటే పూర్తి క్షమాపణ. ఉన్నాయి. నేను నా ముక్కలకేసి చూసుకుంటూ పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాను.

బావ మజ్జిగ తాగలేదు. గ్లాసు పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, ఈ గుడ్డ అన్ని మందుల్నీ పడుతుందంట్రా?"

"అన్నిటినీ కాదు బావా. పాతరకాల్నే. ఇప్పుడొచ్చే కొత్తరకాలు వేరే దారిలో పనిచేస్తాయి. వాటి జోలికి ఈ ఎంజైము పోదు" అన్నాను ఉత్సాహంగా. చదివింది ఎవరైనా అడిగితే నాకు ఆగదు. ఇంకా చెప్పబోతున్నాను కూడా.

"కొత్తరకం సంగతి నీకెందుకు?" అంది అక్క, బావతో.

పరీక్ష ఆయన్ను గెలిపించింది. మజ్జిగ తాగేసి ఊరుకుంటే ఆ సంగతి అక్కడితో పోయేది. కానీ మా బావ అల్లంమజ్జిగ చేతిలో పెట్టుకుని అబద్ధమాడగల మనిషి కాదు.

"ఒక్కసారే" అన్నాడు. "నువ్వు సింగరాయకొండ పెళ్ళికి పోయిన రోజున. పురుగు పూతలోకి దిగిందే. రెండు రోజులు ఆగితే కాయ ఉండేది కాదు. పాతది ముట్టుకోలేదు, కొత్తది తెచ్చా. తెల్లారకముందే, గాలివాటం చూసుకుని కొట్టా. వానకోటు వేసుకున్నా. కళ్ళకు బండి అద్దాలు పెట్టుకున్నా. మూతికి నీ పాత చీరె నాలుగు మడతలేసి కట్టుకున్నా. నన్ను చూసి కుక్కలు వెంటబడ్డాయి."

నాకు నవ్వొచ్చింది. అక్కకేసి చూసి మింగేశాను. ఆమె మెట్టు మీద కూర్చుంది. నాకైతే ఆ నెలన్నరలో నలిగిన కార్జాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇంత కష్టపడి నేను కనిపెట్టలేనిది ఒక గ్లాసు మజ్జిగ కనిపెట్టింది.

"నా తల మీద చెయ్యేసి చెప్పావు" అంది చివరికి.

"చెప్పా. కొట్టేటప్పుడు అదే గుర్తొచ్చింది. నీకేమన్నా అవుతుందేమోనని వారం రోజులు నీ మొహమే చూశా, జ్వరమొస్తుందేమోనని."

"దూడ మొహం చూశావు."

"నువ్వు చూడనప్పుడు నీది చూశా."

అక్క లేచి ఆయన చేతిలో గ్లాసు తీసుకుంది. విసిరికొడుతుందేమోననుకున్నాను. తనే సగం తాగి మిగతాది ఆయనకిచ్చింది.

"తప్పు నాదీ ఉందిలే" అంది. "మిరప వేసుకోనిచ్చి మందు కొట్టొద్దంటే, వానలోకి తోసి తడవొద్దన్నట్టే. ఆ ఒట్టు నిలిచేది కాదు. నిలవని ఒట్టు పెట్టుకుని నువ్వు అబద్ధాలాడటం, నేను గుడ్డలు నీళ్ళలో ముంచి నీ గుట్టు పట్టడం. ఏం కాపురమిది? వచ్చే ఏడు రెండెకరాలు శనగ వేద్దాం."

"శనగా?" బావ మంచం మీంచి లేచాడు. "మా నాన్న, మా తాత మిరప వేసిన చేను! శనగ వేస్తే ఊళ్ళో నన్నేమంటారు?"

"బతికున్నాడంటారు."

బావ మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. చివరికి ఆయనే దిగొచ్చాడు. "ఎకరమన్నా మిరప ఉంచవే. చేతులూరుకోవు."

"ఎకరమే. మందు కొట్టాల్సొస్తే నాకు చెప్పి కొట్టు. నేను గట్టు మీద నీళ్ళబిందె పెట్టుకుని కూర్చుంటా. నాకు చెప్పకుండా మాత్రం ట్యాంకు వీపునెత్తకు. ఒట్టు వద్దు, మామూలుగా చెప్పు."

"సరేలే" అన్నాడు బావ.

"సరేలే కాదు."

"చెప్పి కొడతా."

మరుసటి ఏడు రెండెకరాల్లో శనగ పడింది. పూతకు వచ్చాక నేను వెళితే బావ వీపున ట్యాంకుతో చేనుగట్టు మీద నిలబడి, చూడబుద్ధి కాని చుట్టాన్ని చూసినట్టు ఆ మొక్కల్ని చూస్తున్నాడు. "మోకాలెత్తు లేదు, ఘాటు లేదు, రంగు లేదు. దీన్ని పంటంటార్రా?" అన్నాడు. అవతల ఎకరం మిరపలో గట్టు మీద మా అక్క గొడుగేసుకుని, బిందె పక్కన పెట్టుకుని కూర్చుని, "మాటలాపి మూతికి గుడ్డ సరిగ్గా కట్టుకో, పురుగు నీకోసం ఆగదు" అని అరుస్తోంది.